పద్దెనిమిది తాళ్లు

ఆర్డిస్ మోయెన్ ఆ తర్వాత కమాండర్ దాకా వెళ్లింది. పుస్తకాలు నాలుగు రాసింది, అందులో రెండిటిని జనం బాగానే చదివారు. అవన్నీ అలా ఉంచండి. ఆమె చేతికి రాత పట్టుబడింది మాత్రం 1980 డిసెంబరు ఆఖర్లో, నార్‌ఫోక్ రేవులో, ఇవాండర్ అనే ముసలి మరమ్మతు ఓడ మీద. అయిదంటే అయిదు రోజుల పని అది.

అప్పటికి ఆమె కుర్ర ఆఫీసరు. మంగళవారం పొద్దున రేవు గట్టు మీద తాళ్లు చూసుకుంటూ నడుస్తోంది. చూడమని ఎవరూ చెప్పలేదు. మిన్నెసోటాలో పాడి ఆవుల మధ్య పెరిగిన మనిషి, నాలుగింటికి మెలకువ వచ్చేస్తుంది, వచ్చాక ఊరికే పడుకోవడం తెలీదు. ఒక్కో తాడు దగ్గరా ఆగి అరచెయ్యి వేసి చూసేది. బిగువెంతో, లోపల పోగు ఏమైనా తెగిందేమో చేతికి తెలుస్తుంది, పొదుగు మీద చెయ్యి వేస్తే తెలిసినట్టే. ముక్కు నుంచి తోక దాకా ఆరు చోట్ల, చోటికి రెండేసి చొప్పున పన్నెండు తాళ్లు. ఓడ కుడిపక్కన మరమ్మతుకొచ్చిన డిస్ట్రాయరు యుద్ధనౌకలు రెండు, ఒకదాని భుజాన ఒకటి ఆనుకుని ఉన్నాయి.

"పన్నెండేనా మేడమ్, ఒకటేమైనా ఈనిందా?" అన్నాడు చీఫ్ దుమ్‌లావ్. తాళ్లూ లంగర్లూ ఆయన రాజ్యం. ఫిలిప్పీన్స్‌లో పుట్టి ఇరవై రెండేళ్లుగా ఈ నౌకాదళంలోనే ఉన్నాడు. అమ్మాయిలు ఓడ ఎక్కుతారని తెలిసిన రోజున ఆయన పళ్లు కొరికాడని చెప్పుకుంటారు. ఆర్డిస్ మొదటివారమే ఒంటిచేత్తో గూటం ముడి వేసి చూపించాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

"చూలు మీదున్నట్టుంది చీఫ్. వెనక రెండోది రాయికి ఒరుసుకుంటోంది. పాత నీళ్ల గొట్టం ముక్క ఏదైనా చుట్టించండి."

"చుట్టిస్తా. మీరు మరీ మా అత్తగారిలా తయారయ్యారు," అని ఆయన లోమాక్స్ అనే నావికురాలిని కేకేశాడు. లోమాక్స్ పొట్టిది, గట్టిది. గొట్టం ముక్క భుజాన వేసుకుని పరుగున వచ్చింది.

అప్పుడే ఓడ మెట్లు దిగి లెఫ్టినెంట్ హోయిట్ వచ్చాడు. ఓడలో ఎవరు ఏ వాచ్, అంటే నాలుగేసి గంటల కాపలా, చెయ్యాలో, ఎవరు సొంతంగా వాచ్ ఆఫీసరుగా నిలబడడానికి పనికొస్తారో తేల్చేది ఆయనే. చెడ్డవాడనడానికి లేదు. పుట్టినరోజులు గుర్తుపెట్టుకుంటాడు, ఎవరికైనా జ్వరమొస్తే నారింజ పళ్లు పంపుతాడు. ఒళ్లు వంచడం ఒక్కటే చేతకాదు.

"మోయెన్, నిన్నే వెతుకుతున్నా."

"తాళ్ల దగ్గర తప్ప నేనెక్కడుంటాను సార్."

"రేపు రాత్రి పన్నెండు నుంచి నాలుగు వాచ్ నాది."

"తెలుసు సార్. పోయినేడు ఎవరి పద్యం బాగుంటే ఈ ఏడూ ఆ వాచ్ వాళ్లదేనని కెప్టెన్ గారు రూలు పెట్టారుగా."

నవ్వకుండా అందామె. హోయిట్ చెవులు ఎర్రబడ్డాయి. నౌకాదళంలో అదొక ఆచారం. ఏడాది పొడుగునా ఓడలో జరిగిందల్లా ఎక్కించే లాగ్‌బుక్కులో ఉప్పూకారం లేని మాటలు తప్ప రాయకూడదు గాని, కొత్త సంవత్సరం మొట్టమొదటి రాత మాత్రం పద్యంలో ఉండాలి. ఓడ ఎక్కడ కట్టి ఉంది, ఎన్ని తాళ్లు, పక్కన ఎవరు, కరెంటూ నీళ్లూ ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, అన్నీ ప్రాసతో సహా కుదరాలి. పోయినేడు హోయిట్ సంతకంతో ఉన్న పద్యం నౌకాదళం పత్రికలో పడింది. కెప్టెన్ ముచ్చటపడి దాన్ని అద్దం కట్టించి ఆఫీసర్ల భోజనాల గదిలో, కాఫీ కుండ పైన వేలాడదీయించాడు. రాసింది ఆర్డిస్. రోజుకి మూడుసార్లు దాని కిందే నిలబడి కాఫీ పట్టుకుంటుంది.

"ఒక్కసారికి," అన్నాడు హోయిట్. "నాకు రాదు తల్లీ. రాత్రి కూచున్నాను. రెండు లైన్లు రాసేసరికి నాకే నవ్వొచ్చింది."

"పోయినేడూ ఒక్కసారికే అన్నారు."

"నీ కార్డు నా సొరుగులో భద్రంగా ఉంది. పండగ అయిపోనీ, కూచుని తీరిగ్గా చూస్తా. సంతకం పెట్టకపోతే అడుగు."

కార్డు అంటే నలభై ఒక్క సంతకాల అట్ట. మంటలార్పడం, తాళ్లు, లంగర్లు, జెండాలు, గాయాలు, అన్నిటిలో పరీక్షలిచ్చి ఆర్డిస్ సెప్టెంబరులోనే నలభై సంపాదించింది. ఆఖరుది హోయిట్‌ది. అది పడితే కార్డు కెప్టెన్ దగ్గరకు పోతుంది, ఆయన సరేనంటే ఆర్డిస్ తన వాచ్‌కి తనే ఆఫీసరు. పడకపోతే ఎంతకాలమైనా ఎవడో ఒకడి వెనక నిలబడి నేర్చుకుంటున్న మనిషే. జూన్‌లో ఓడెక్కిన పెట్టిబోన్ అనే కుర్ర ఆఫీసరుకి అక్టోబరులో పడిపోయింది సంతకం. ఆర్డిస్‌కి ఇంకా 'కొంచెం గాలీవానా చూడాలి' అని చెప్పాడు హోయిట్. పెట్టిబోన్ చూసిన గాలీవానా ఏమిటో ఆయనే చెప్పాలి.

"రాసిస్తాను," అందామె.

మధ్యాహ్నం తాళ్ల గదిలో, కొత్త తాడు చుట్ట మీద కూర్చుని, మోకాళ్ల మీద నోటుబుక్కు పెట్టుకుని రాసింది. కార్డు కోసమే రాసిందంటే అబద్ధమవుతుంది. మాటకి మాట తగులుకుంటుంటే ఆమెకి లోపల ఎక్కడో వెచ్చగా ఉండేది. తన పేరు లేకపోతేనేం, నలుగురూ చదువుతారుగా అనుకునేది. అనుకున్న మరుక్షణం మండేది కూడా.

*పాతేడు దిగిపోయె మెట్ల మీద, కొత్తేడు ఎక్కె,*
*పన్నెండు పలుపులతో మా ముసలిది రేవున నిక్కె.*
*కుడిపక్కన చెల్లెళ్లిద్దరు కునుకు తీస్తున్నారు,*
*కరెంటూ నీళ్లూ ఆవిరీ ఒడ్డువాళ్లిస్తున్నారు.*

పలుపులు అన్న మాట దొరికినందుకు తనలో తనే నవ్వుకుంది. ఇంకో పదహారు పాదాలు రాసి, శుభ్రంగా తిరగరాసి, సాయంత్రం హోయిట్ చేతికిచ్చింది. ఆయన అక్కడే చదివి, "ముసలిదాన్నలా ఆవుని కట్టినట్టు కట్టేశావేంటి," అని పకపక నవ్వాడు.

మర్నాడు బుధవారం మధ్యాహ్నం గట్టు మీది ఫోనులో ఇంటికి మాట్లాడింది. నాన్న పశువుల కొట్టంలోని ఫోను ఎత్తాడు. వెనక పాలమిషను చప్పుడు.

"చలెంత అక్కడ?"

"సున్నాకి కొంచెం పైన నాన్నా. మీకు?"

"సున్నాకి ఇరవై కింద. బెత్సీ పాలు తగ్గించింది. నీ పనేంటి?"

పద్యం సంగతి చెప్పింది. ఎవరి కోసమో చెప్పలేదు. ఇవాళ రాత్రి లాగ్‌బుక్కులో పడేది నిన్ననే రాసేశానంది.

"ఇవాళ రాత్రిది నిన్ననే రాశావా?"

"పద్యం కదా నాన్నా."

"ఓహో," అన్నాడాయన. కొట్టంలో తలుపు పక్కన గోడకి ఒక క్యాలెండరు ఉంటుంది. ఆయన ప్రతిపూటా పెన్సిలుతో పాల తూకం, ఈతలు, వాన అందులో రాస్తాడు. ఆర్డిస్ అక్షరాలు నేర్చింది ఆ గళ్ల మీదే. "మీ తాత ఒకసారి దూడ పుట్టిందని ముందే రాశాడు. ఆవు నొప్పులు పడుతోంది, ఇంకెంతసేపని. రాసి అన్నానికి వెళ్లాడు. వచ్చేసరికి దూడ అడ్డం తిరిగింది."

"చెప్పావు నాన్నా ఇదివరకు."

"చెప్పానని నాకూ తెలుసు. తూచకముందు పాలు రాయకూడదే అమ్మాయ్. సరే, ఉంటా. బకెట్టు నిండింది."

ఆ సాయంత్రం నార్‌ఫోక్‌లో తన వైపు వాళ్లు కూడే చర్చిలో చేపల విందుకి వెళ్లి, వెన్న ముద్దలూ బంగాళదుంపలూ కడుపునిండా తిని ఏడింటికే ఓడకి తిరిగొచ్చింది. తెల్లవారుజామున నాలుగింటికి ఆమెకీ వాచ్ ఉంది, పెట్టిబోన్ వెనక నిలబడే వాచ్. ఎనిమిదింటికి పడుకుంది. పండగ కేకలేవీ ఆమె చెవిన పడలేదు.

లేచేసరికి ఓడ వేరే రకంగా కదులుతోంది. కోటు బొత్తాలు పెట్టుకుంటూనే ఈశాన్యపు గాలని పోల్చుకుంది. మెట్ల దగ్గరి చిన్నగదిలో హోయిట్ కళ్లు నలుపుకుంటూ టోపీ తీసుకుంటున్నాడు. పెట్టిబోన్ ఇంకా రాలేదు. వాచ్ అందుకునేవాళ్లు ముందు లాగ్‌బుక్కు చదవాలి గనక ఆర్డిస్ చదివింది. తన పద్యమే, హోయిట్ గుండ్రటి దస్తూరిలో, కామాతో సహా. కింద ఆయన సంతకం.

అలవాటుగా కుడిపక్క కిటికీలోంచి చూసింది. చెల్లెలు ఒకతే ఉంది.

"సార్, రెండోది ఏది?"

"తొమ్మిదింటికి గాలి తిరిగింది. లోపలి రేవుకి లాక్కుపోయారు."

"మరి ఇద్దరు కునుకు తీస్తున్నారని రాశారు."

హోయిట్ పుస్తకం వైపు చూసి, ఒక్క క్షణం నిజంగానే కంగారుపడ్డాడు. తర్వాత ఆవలించాడు. "మూడున్నరకి గబగబా ఎక్కించాను. నీ కాయితం చూసి చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పోనిద్దూ. పద్యంలో పడవలెవరు లెక్కపెడతారు? ఒకటి తీసేస్తే ప్రాస పోతుంది."

"కొట్టేసి దిద్దండి సార్. ఒక్క గీత చాలు."

"పొద్దున చూద్దాం," అని మెట్లు దిగి పోయాడు.

లాగ్‌బుక్కులో రబ్బరు వాడకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత గీసి, కింద అక్షరాలు కనపడేటట్టే ఉంచి, పైన ఒప్పు రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. అదీ రాసిన చెయ్యే చెయ్యాలి. ఆర్డిస్ పెన్ను తీసి మళ్లీ పెట్టేసింది.

అంతలో చీఫ్ దుమ్‌లావ్ లోపలికొచ్చాడు. గడ్డం మీద మంచు. చేతులు కాఫీ కప్పు చుట్టూ వేసి అలాగే ఉంచాడు గాని తాగలేదు.

"నిద్రపోలేదా చీఫ్?"

"ఎక్కడ నిద్ర మేడమ్. ఒంటిగంటకి వెనక తాడొకటి అరవడం మొదలెట్టింది. లెఫ్టినెంటు గారిని అడిగితే వెయ్యమన్నారు. ఆరుగురం దిగాం. ఇంకో ఆరు వేశాం. మంచు పట్టిన తాడు, ఇనప కడ్డీ అనుకోండి. మీరు గొట్టం చుట్టించారే, అది లేకపోతే ఆ వెనకది తెగేది."

"పద్దెనిమిది వేశారా?"

"పద్దెనిమిది. లోమాక్స్ వేలు స్తంభానికీ తాడుకీ మధ్య పడింది. చూపుడు వేలు. డాక్టరు కట్టు కట్టాడు, ఎముక సంగతి తెల్లారాక అన్నాడు." ఆయన కప్పు కింద పెట్టాడు. అడగాలా వద్దా అన్నట్టు నిలబడి, "మావాళ్లు అడుగుతున్నారు మేడమ్, ఏడాదికి పేపర్లో పడే రాత ఇదొక్కటే కదా. మా సంగతి పడిందా?"

ఆర్డిస్‌కి తను రాసిన పదమూడు, పద్నాలుగు పాదాలు నోటికొచ్చాయి.

*తాళ్ల జోలికెవరు పోరు, తలుపు చప్పుడైన లేదు,*
*కాపలావాడి కాఫీ తప్ప కదిలేదింక ఏదీ లేదు.*

"పడలేదు చీఫ్," అంది. ఆయన ముఖం చూడలేకపోయింది.

"సర్లెండి," అన్నాడాయన. "పద్యంలో ఆరు పేర్లు ఇమడవు మరి." కాఫీ గబుక్కున తాగేసి వెళ్లిపోయాడు.

పొద్దున చూద్దామన్న హోయిట్ పదకొండు దాకా లేవలేదు. ఆయన లేచేసరికి లాగ్‌బుక్కు కెప్టెన్ గారి గదికి వెళ్లిపోయింది.

కొత్త సంవత్సరం మధ్యాహ్న భోజనం ఇవాండర్‌లో పెద్ద తంతు. పందిమాంసం, అలసందలు, ఆకుకూర, చివర్న యాపిల్ పై. ఆఫీసర్లందరూ ఇస్త్రీ బట్టల్లో కూర్చుంటారు. యాపిల్ పై వచ్చాక కెప్టెన్ ర్యాఫర్టీ లేచి పద్యం చదవడం ఆనవాయితీ. ఆయనకి అరవై దగ్గరపడుతున్నాయి. మెడలో తాడుకి వేలాడే కళ్లద్దాలు పెట్టుకుని, గొంతు సవరించుకుని, మొదలెట్టాడు. పలుపులు అన్నచోట బల్లంతా నవ్వింది. ఆర్డిస్‌కి ఆ నవ్వు గుండెల్లో తగిలింది. సంతోషం కాదని చెప్పడానికి లేదు. అదే ఆమెకి సిగ్గనిపించింది.

"కుడిపక్కన చెల్లెళ్లిద్దరు..." అని కెప్టెన్ ఆగాడు. కళ్లద్దాల పైనుంచి కిటికీలోకి చూశాడు. అందరూ చూశారు. కిటికీ నిండా ఒకే ఒక డిస్ట్రాయరు, దాని వెనక ఖాళీ నీళ్లు.

ఎవరో ఒకాయన నవ్వబోయి మానుకున్నాడు. కెప్టెన్ మిగిలిందంతా లోపల్లోపల చదువుకున్నాడు. పదమూడో పాదం దగ్గర ఆయన పెదవులు ఆగడం ఆర్డిస్ చూసింది. పుస్తకం మూశాడు. "యాపిల్ పై చల్లారిపోతుంది, తినండి," అన్నాడు. "మిస్టర్ హోయిట్, తిన్నాక ఒకసారి నా గదికి రండి."

ఆర్డిస్ తన యాపిల్ పై ముక్క వైపు చూస్తూ కూర్చుంది. ఊరుకుంటే తనకి ఏమీ కాదు. రాసిన చెయ్యి హోయిట్‌ది, సంతకం హోయిట్‌ది. పైగా ఆ కార్డు సొరుగులో ఉంది. నోరు విప్పిందా, హోయిట్ సంతకం ఈ జన్మలో పడదు, కెప్టెన్ కూడా దొంగరాతలు రాసే మనిషికి ఓడ అప్పజెప్పడు. కాని హోయిట్ ఏం చేశాడు, ఒళ్లు బద్ధకించి చూసి రాశాడు. ఆరుగురు గట్టు మీద నిలబడి చేతులు కొంకర్లు పోతుండగా ఎవరూ తాళ్ల జోలికి పోలేదని అన్నది ఎవరు? ఆ మాటలు ఎవరివి? ఆమె ఫోర్కు పెట్టేసి లేచింది.

కెప్టెన్ గది తలుపు ఇంకా తెరిచే ఉంది. హోయిట్ నిటారుగా నిలబడి ఉన్నాడు.

"నేనూ రావచ్చా సార్?"

"మిమ్మల్ని పిలవలేదే, మిస్ మోయెన్."

"పిలవలేదు సార్."

కెప్టెన్ ఆమెని కాసేపు చూసి తలూపాడు. తర్వాత హోయిట్ వైపు తిరిగాడు. "రాత్రి ఒంటిగంటకి ఎన్ని తాళ్లున్నాయి?"

"పద్దెనిమిది సార్. ఆరు ఎక్కువ వేయించాను."

"ఎవరెవరు వేశారు?"

"చీఫ్... ఆయన మనుషులు సార్."

"ఒకమ్మాయి వేలు చితికిందని డాక్టరు రిపోర్టు ఇచ్చాడు. పదేళ్ల తర్వాత ఆ వేలు వంగకపోతే, ఎక్కడ చితికిందని ఎవరో పింఛను గుమాస్తా ఈ పుస్తకం తెరుస్తాడు. అందులో ఆ రాత్రి తాళ్ల జోలికి ఎవరూ పోలేదని మీ చేత్తో రాసి ఉంటుంది. అప్పుడు ఆవిడ అబద్ధాలకోరవుతుంది. అవునా?"

"అవును సార్," అన్నాడు హోయిట్.

"ఆ మాటలు నావి సార్," అంది ఆర్డిస్. "పద్యం నేను రాశాను. మంగళవారం మధ్యాహ్నం. ఆయన ఎక్కించారంతే. జరగని వాచ్‌ని జరిగినట్టు రాసింది నేను."

కెప్టెన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పోయినేడుది?"

హోయిటే చెప్పాడు, "అదీ ఆవిడదే సార్."

"నేను దాన్ని అద్దం కట్టించి గోడకి కొట్టించాను," అన్నాడు కెప్టెన్. ఎవరితో అన్నాడో తెలీదు. లాగ్‌బుక్కు హోయిట్ ముందుకి తోశాడు. "గీత గీసి దిద్దండి. పద్యం వద్దు. మామూలు మాటల్లో, టైములతో, పేర్లతో. పేర్లు తెలీకపోతే వెళ్లి అడిగి తెలుసుకోండి. రాత్రి భోజనాలప్పుడు కిందికి వెళ్లి, వాళ్ల బల్లల దగ్గర నిలబడి మీరే చదివి వినిపించండి."

"సరే సార్."

"ఇక మిస్ మోయెన్. చేయని వాచ్‌ని రాశారు. దానికి నాకు తెలిసిన మందు ఒకటే. రేపటినుంచి ఈ నెలంతా, రోజు విడిచి రోజు, పన్నెండు నుంచి నాలుగు వాచ్ మీదే. చలిలో నిలబడి చూసి అప్పుడు రాయండి."

ఆర్డిస్‌కి ముందు అర్థం కాలేదు. హోయిట్‌కే అర్థమైంది. ఇబ్బందిగా కదిలాడు.

"సార్, మిస్ మోయెన్‌కి సొంతంగా వాచ్ చేసే అర్హత ఇంకా రాలేదు."

"ఏం? ఓడెక్కి పదహారు నెలలైందే. ఏమాగింది?"

హోయిట్ నేల చూశాడు. "కార్డు నా దగ్గరుంది సార్. నా సంతకం ఒకటి."

"తీసుకురండి."

ఆయన వెళ్లివచ్చేసరికి మూడు నిమిషాలు పట్టింది. కార్డు రాగానే కెప్టెన్ నలభై గళ్ల మీదా వేలు పెట్టి కిందిదాకా చదివాడు. ఆఖరి తేదీ సెప్టెంబరు తొమ్మిది. కలం హోయిట్ చేతికిచ్చాడు. హోయిట్ నిలబడే సంతకం పెట్టాడు. దాని కింద కెప్టెన్ పెట్టాడు.

"ఇప్పుడు మిమ్మల్ని శిక్షించడానికి వీలైంది," అన్నాడు. "వెళ్లండి."

"అలాగే సార్," అని బయటికొచ్చి, ఇనప మెట్ల దగ్గర ఆగి, రెండు చేతులూ కమ్మీ మీద ఆనించి నిలబడిపోయింది. ఆ శిక్ష వాచ్ ఆఫీసరుకి తప్ప వెయ్యడానికి కుదరదన్న సంగతి అప్పుడు తలకెక్కింది. ఏడుపొస్తుందేమో అనుకుంది గాని నవ్వొచ్చింది. అటుగా పోతున్న పెట్టిబోన్ "ఏమైంది?" అనడిగితే, "నెలంతా నిద్ర లేదు నాకు," అని పళ్లన్నీ కనపడేటట్టు చెప్పింది. అతను భయపడి పక్కకి తప్పుకున్నాడు.

ఆ రాత్రి కింద హోయిట్ ఎలా చదివాడో ఆర్డిస్ చూడలేదు. చీఫ్ చెప్పాడు.

"టోపీ తీసి చదివారు మేడమ్. ఒంటిగంటా పది, వెనక తాడు బిగిసింది, దుమ్‌లావ్, ఒర్టేగా, విన్, బీస్లీ, తనాకా, లోమాక్స్, ఆరు తాళ్లు వేశారు. ఒంటిగంటా నలభై, లోమాక్స్ కుడి చూపుడువేలు నలిగింది. అంతే. చదివి అక్కడే నిలబడ్డారు, ఇంకేం చెయ్యాలో తెలీనట్టు. లోమాక్స్ లేచి, మళ్లీ చదవండి సార్ అంది. మళ్లీ చదివారు."

"పద్యం కాదుగా చీఫ్. బాగుందా?"

"నేను ఇరవై రెండేళ్లలో విన్నవాటిలో ఇదే బాగుంది," అన్నాడు చీఫ్. ఆయన ఎగతాళి చెయ్యడం లేదు.

శుక్రవారం సాయంత్రం ఆర్డిస్ భోజనాల గదికి కాఫీకి వెళ్లింది. రాత్రికి ఆమె మొదటి వాచ్. కుండ కుళాయి తిప్పి కప్పు నింపుకుంటూ అలవాటుగా పైకి చూసింది. అద్దం వెనక పోయినేటి పద్యం అలాగే ఉంది. కింద హోయిట్ పేరు మీద ఎర్ర సిరాతో ఒక్క గీత. కింద అక్షరాలు కనపడుతూనే ఉన్నాయి. గీత పైన 'ఎ. మోయెన్'. పక్కన హోయిట్ పొట్టి సంతకం, తేదీ. అద్దం ఊడదీసి మళ్లీ బిగించినట్టు చట్రం మేకులు కొత్తగా మెరుస్తున్నాయి. కెప్టెన్ ఈ పని చెప్పలేదు. ఆయన హోయిట్‌కి ఏమేం చెప్పాడో ఆమె అక్కడే ఉండి విన్నది.

హోయిట్ బల్ల చివర కూర్చుని సూప్ తాగుతున్నాడు. తలెత్తలేదు. ఆమె కప్పు నిండి, పొర్లి, వేళ్లు కాలాక గాని కుళాయి కట్టలేదు. తనూ ఒక గిన్నెలో సూప్ పోసుకుని వెళ్లి ఆయన ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఉప్పు ఇలా అందించండి సార్," అంది. ఆయన అందించాడు.

శనివారం పొద్దున అయిదున్నరకి గట్టు మీది ఫోనులో నాణెం వేసింది. మిన్నెసోటాలో నాలుగున్నర, పాలు తీసే వేళ. మిషను చప్పుడు మొదట వినిపించింది, తర్వాత నాన్న గొంతు.

"ఏంటి ఇంత పెందలాడే? ఒంట్లో బాగుందా?"

"బాగుంది నాన్నా. రాత్రి వాచ్ నాది. ఒక్కదాన్నే."

"ఒక్కదానివే అంటే?"

"ఓడ నా చేతిలో ఉంది, నాలుగు గంటలు. లాగ్‌బుక్కులో సంతకం నాది."

అవతల మిషను ఆగింది. ఆయన మిషను ఆపడం ఆర్డిస్ ఎప్పుడూ వినలేదు.

"ఏం రాశావు?"

ఆమెకి చూడక్కర్లేకుండా వచ్చు. "గాలి ఈశాన్యం, తగ్గుతోంది. ఎడమపక్క రేవుకి పద్దెనిమిది తాళ్లతో కట్టి ఉంది. కుడిపక్క డిస్ట్రాయరు ఒకటి. రెండింటికి మంచు కురిసింది. మూడుంబావుకి ఆగింది."

"అంతేనా?"

"అంతే నాన్నా."

"పద్దెనిమిదీ నువ్వు చూశావా?"

"రెండుసార్లు నడిచాను. అన్నిటి మీదా చెయ్యి వేసి చూశాను."

"ఊఁ," అన్నాడాయన. పెన్సిలు గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. గోడ క్యాలెండరు మీద, పాల తూకం పక్కన, ఏదో రాస్తున్నాడు. రాసినదాన్ని ఆయన పైకి చదవలేదు, ఆమె అడగలేదు. మిషను మళ్లీ మొదలైంది.